సున్నా బిల్లు చెప్పని లెక్క

హైదరాబాద్‌లో చాలా ఇళ్లకు నల్లా బిల్లు సున్నా వస్తోంది. 2021 జనవరి 12న మొదలైన పథకం కింద ఇంటికి నెలకు 20 వేల లీటర్ల దాకా నీళ్లు ఉచితం. ఆ అంకెను తప్పుపట్టడానికి లేదు. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు కావాలన్నది మన దేశంలో చాలాకాలంగా ఉన్న లెక్క. అయిదుగురున్న ఇంటికి నెల తిరిగేసరికి అది ఇంచుమించు 20 వేల లీటర్లే.

అయితే అదే ఇంట్లో నీళ్లకు ఇంకొన్ని ధరలున్నాయి. తాగడానికి తెప్పించుకునే 20 లీటర్ల క్యాను 20 రూపాయలనుకున్నా వెయ్యి లీటర్లకు వెయ్యి రూపాయలు. ఎండాకాలం బోరు ఎండితే జలమండలి ట్యాంకరు 5 వేల లీటర్లకు 500 రూపాయలు, అంటే వెయ్యి లీటర్లకు వంద. ప్రైవేటు ట్యాంకరైతే దాని యజమాని అడిగినంత. క్యాను నీళ్లు గ్లాసులో మిగిలితే ఇంట్లో పెద్దవాళ్లు ఊరుకోరు, తులసి కుండీలో పోయిస్తారు. నల్లా నీళ్లు ఫ్లష్ ట్యాంకు వాషరు అరిగి రాత్రంతా సన్నగా కారుతున్నా ఎవరికీ పట్టదు. కారేవి మాత్రం వంద కిలోమీటర్లకు పైబడిన దూరం నుంచి కరెంటు ఖర్చు పెట్టి తోడుకొచ్చిన కృష్ణా, గోదావరి నీళ్లు.

మరి ధర పెడితే వాడకం తగ్గుతుందా? తగ్గుతుంది, కొద్దిగానే. పలు దేశాల అధ్యయనాలను ఒకచోట చేర్చి చూసిన ఆర్థికవేత్తలకు తేలిందేమంటే, ధర 10 శాతం పెరిగితే ఇళ్లలో వాడకం సగటున 4, 5 శాతం తగ్గుతుందని. వంటకూ స్నానానికీ ఎవరూ నీళ్లు మానుకోలేరు కదా. తగ్గించుకోగలిగింది కారు కడిగేవాళ్లు, లాన్ తడిపేవాళ్లు. వాళ్లకేమో నీటి బిల్లు ఒక లెక్కలోది కాదు. ఉన్న ధరను అందరికీ ఒకేలా పెంచితే ముందు నలిగేది బస్తీలోని ఇల్లే. ఢిల్లీలో 2015 నుంచి ఇదే 20 వేల లీటర్లు ఉచితమిస్తూ, ఆ గీత దాటిన ఇంటికి మొత్తం వాడకానికీ బిల్లు వేశారు. అది మరీ కరకు పద్ధతి. గీత దాటిన మేరకే వసూలు చేసి, ఆ పైన పోనుపోను రేటు పెంచడం న్యాయం.

ధర కంటే ముందు కావలసింది కొలత. అమెరికాలోని బౌల్డర్ పట్టణంలో ఎంత వాడినా ఒకటే బిల్లు ఉండేది. 1960ల తొలినాళ్లలో ఇళ్లకు మీటర్లు బిగించి వాడకాన్ని బట్టి వసూలు చేస్తే నీటి వాడకం దాదాపు మూడో వంతు పడిపోయింది.

మన అపార్ట్‌మెంట్లలో జరిగేది దీనికి తలకిందులు. మొత్తానికి కలిపి ఒకటే మీటరు, సంపులో పోసిన ట్యాంకర్ల ఖర్చంతా మెయింటెనెన్స్‌లో తలా ఇంత. ఇద్దరే ఉండే ముసలి దంపతులూ, వాషింగ్ మెషీన్ రోజుకు రెండుసార్లు తిప్పే ఏడుగురి కుటుంబమూ కట్టేది సమానం. సంపు ఖాళీ అయిందని వాచ్‌మన్ వాట్సాప్ గ్రూపులో పెట్టిన రోజున మాత్రం అందరూ పొదుపు మాట్లాడతారు. మర్నాడు ట్యాంకరొస్తుంది, మాట మరుగున పడుతుంది. ఎవరెంత వాడారో తెలియనిచోట ధర ఎంత పెట్టినా ఎవరినీ తాకదు.

ఉచితం ఎత్తేయమని మేం అనడం లేదు. వచ్చే అసోసియేషన్ మీటింగులో లిఫ్టు, రంగుల సంగతి అయ్యాకైనా ఫ్లాటుకో మీటరు ప్రస్తావన తెండి. ప్లంబరును ముందే పిలిచి ఒక్కో ఫ్లాటులోకి ఎన్ని పైపులు దిగుతున్నాయో, ఎంత ఖర్చవుతుందో కనుక్కుని వెళ్లండి.