ఎందుకు? ఎలాగ? - చిలక చుట్టూ బెజ్జాలు

ఆరవ తరగతి చదివే ఒక అమ్మాయి యిలా రాసింది: "అమ్మ రవికకని దాచుకున్న పట్టుముక్క మీద మిషనుతో చిలకను కుట్టాను. చిలక బాగానే వచ్చింది. కాని దాని చుట్టూ పురుగు కొట్టినట్టు బెజ్జాలు పడ్డాయి. ముందురోజు బడిసంచీ కుట్టిన సూదే అది. అమ్మ ఏమీ అనలేదు. అందుకే మరీ బాధగా వుంది. తప్పు మిషనుదా, నాదా?"

మిషనుది కాదు, అమ్మాయీ. నీది కూడా సగమే. మిగతా సగం ఆ సూదిది!

సూదిపొట్లం మీద 75/11 అనో, 100/16 అనో రెండు అంకెలు వుంటాయి. మొదటిది సూది లావు. 100 అంటే ఒక మిల్లీమీటరు. 75 అంటే ముప్పాతిక మిల్లీమీటరు. రెండవ అంకె మరొక లెక్క. దుకాణంలో "పదకొండో నంబరు సూది" అని అడిగేది దానినే. పట్టుకూ, పల్చని వాయిలుకూ 9 గాని 11 గాని చాలు. మామూలు నూలుగుడ్డకు 14. సంచీగుడ్డకు 16. నూలుగుడ్డలో పడిన బెజ్జం ఉతికితే చాలామట్టుకు పూడుతుంది. పట్టులో పడినది అలా పూడదు.

లావు ఒక్కటే చూస్తే చాలదు, మొన కూడా చూడాలి. చీర, చొక్కాగుడ్డ పడుగూ పేకలతో నేసినవి. వాటికి వాడిమొన సూది కావాలి. బనీనుగుడ్డ అలా కాదు. దానిని దగ్గరగా పెట్టుకుని చూడండి. అది నేసినది కాదు, అల్లినది. ఒక ఉచ్చులో మరొక ఉచ్చు దూరి వుంటుంది. వాడిమొన ఒక ఉచ్చును తెంపిందా, దాన్ని పట్టుకున్న ఉచ్చు కూడా జారిపోతుంది. ఆ తరువాత దాని పక్కది! చివరికి గుడ్డలో నిచ్చెన మెట్లలా చీలిక పడుతుంది. అందుకని బనీనుకు మొన గుండ్రంగా వున్న సూది పెడతారు. అది దారాన్ని గుచ్చదు, పక్కకు నెట్టి సందులో నుంచి దిగుతుంది. తోలు కుట్టే సూది మొన చిన్న ఉలిలా కోస్తుంది. దానిని గుడ్డ దగ్గరకు రానివ్వకండి.

ఎంబ్రాయిడరీ సూదులు వేరే దొరుకుతాయి. వాటి బెజ్జం కాస్త పెద్దది. ఎందుకంటారా? దారం ఒక్కసారి దూరి గుడ్డలో వుండిపోదు. కుట్టులో స్థిరపడేలోగా అదే ముక్క బెజ్జంలో ఎన్నోసార్లు కిందికీ పైకీ రాసుకుంటుంది. అసలు దారమంతా ఒకటే అయితే చిక్కు లేకపోను. జరీదారానికి పైన సన్నని రేకు చుట్టి వుంటుంది. ఇరుకు బెజ్జంలో రాపిడికి ఆ రేకు ఊడి, దారం పీచుపీచు అవుతుంది. జరీకి మరింత పెద్ద బెజ్జం కావాలి.

బెజ్జం సరిపోయిందో లేదో మీరే చూడవచ్చు. మిషనుకు పెట్టకముందే సూదికి దారం ఎక్కించండి. దారాన్ని రెండు చేతులతో ఏటవాలుగా బిగించి పట్టుకోండి. సూది తనంత తాను జారిందా, సరే. మధ్యలో ఆగిపోతే వేరే సూది చూసుకోండి. మిషనుకు సూది మార్చేటప్పుడు మాత్రం పెద్దవాళ్లు దగ్గర వుండాలి.

ఇక ఆ పట్టుముక్క సంగతి. అమ్మాయీ, సన్నని చేతిసూదితో ఆ బెజ్జాలను కప్పుతూ చిలక చుట్టూ జామాకులు కుట్టు. ఎన్ని బెజ్జాలుంటే అన్ని ఆకులు. ముందు అమ్మను అడిగి మొదలుపెట్టు.