మే నెలలో ఎవరూ రారు

పోయిన అక్టోబరులో ఒక పొద్దున్నే నాన్న వీడియో కాల్ చేశాడు. మామూలుగా ఆయన వీడియో కాల్ చేస్తే స్క్రీన్ మీద చెవి తప్ప ఏమీ కనిపించదు. ఆ రోజు మాత్రం ఫోన్ తిప్పి చూపించాడు. అంతా నీళ్లు, మధ్యలో ఒక కొంగ. చెరువు నిండిందా అని అడిగాను. "సెరువు కాదురా, మన వరి" అన్నాడు.

మాది వజ్రపుకొత్తూరు మండలం. ఎకరం సొంతం, రెండెకరాలు కౌలు. అప్పటికి చేను పొట్ట మీద ఉంది. నీళ్లు ఆరు రోజులు కదల్లేదు. నేను పనిచేసేది విశాఖలో. ఆఫీసులో చెబితే అందరిదీ ఒకటే ప్రశ్న: "అయ్యో, తుఫానా?" కాదండీ. తుఫానైతే తిత్లీ, గులాబ్ అని చెప్పుకోడానికి ఒక పేరైనా ఉండేది. ఇది ఉత్త అల్పపీడనం, రెండు రోజుల వాన. రెండు రోజులు కురిసిన నీళ్లు ఆరు రోజులు ఎందుకు నిలబడ్డాయన్నదే నా గొడవ.

ఒక పని చేయండి. ఫోన్‌లో మ్యాప్ తెరిచి, శాటిలైట్ వ్యూ పెట్టి, పలాస దగ్గర జూమ్ చేయండి. పైన ఎడమ పక్క ముదురాకుపచ్చగా కనిపించేది మహేంద్రగిరి, 1,501 మీటర్ల ఎత్తు. కుడి పక్క సముద్రం. రెండింటి మధ్యా ఉన్నది సుమారు పాతిక కిలోమీటర్లు. అంటే కొండ మీద పడిన వాన మధ్యాహ్నానికల్లా మా మీదకి వచ్చేస్తుంది. వచ్చే దారిలో హైవే గట్టు, రైలు గట్టు దాటాలి. అవి దాటాక ఉద్దానం. కొబ్బరి, జీడి, పనస తోటలున్న ఆ నేలంతా ఇసుక దిబ్బ, వెనకున్న వరి పొలాల కంటే ఎత్తు. నీళ్లు దాన్ని ఎక్కలేవు కదా. అందుకని దిబ్బ వెంబడే పల్లపు భూముల్లో తిరిగి తిరిగి, ఎక్కడ మొగ ఉంటే అక్కడ సముద్రంలో కలుస్తాయి. టెక్కలి వైపు ఆ పల్లాన్ని తంపర అంటారు, సోంపేట వైపు బీల అంటారు. నీళ్లని అక్కడికి చేర్చేవి గెడ్డలు. పలాస దగ్గర వరహాలు గెడ్డ, టెక్కలి వైపు గరీబుల గెడ్డ, ఇంకా పేరు కూడా లేనివి ఎన్నో.

మా జిల్లాలో నది అంటే వంశధార, నాగావళి. వాటికి వరదొస్తే టీవీలో గంటగంటకీ క్యూసెక్కులు చెబుతారు. గెడ్డకి వరదొస్తే మా నాన్న చెప్పాలి.

మా గెడ్డ ఇప్పుడెలా ఉందంటే, పై నుంచి గుర్రపు డెక్క పువ్వులు భలే ఉంటాయి. పెళ్లి ఫొటోలు తీసుకునేవాళ్లు కూడా వస్తున్నారు. ఆ పువ్వుల కింద నడుం లోతు పూడిక. మదుము షట్టర్లు తుప్పు పట్టి సగంలో బిగుసుకుపోయాయి, పైకీ రావు, కిందకీ పోవు. గట్టు మీద తుమ్మలు. కిందకి వెళ్తే, గెడ్డ వెడల్పు ఉండాల్సిన చోట ఎవరివో రొయ్యల చెరువులు. ఆ తర్వాత మొగ. ఎండాకాలం సముద్రం ఇసుక మేట వేసి దాన్ని మూసేస్తుంది, అది దాని సహజం. వానలకి ముందు ఎవరో ఒకరు తవ్వాలి. తవ్వకపోతే పైనున్న ఊళ్లన్నీ బాత్‌టబ్‌లే.

ఒకప్పుడు తవ్వేవారట. వైశాఖంలో ఇంటికో మనిషి పార, గునపం పట్టుకుని వెళ్లేవారని నాన్న చెబుతాడు. ఆ రోజులు ఎంత బాగుండేవో అని నేను రాయను. బురదలోకి దిగేవాళ్లెవరో, చెట్టు కింద కూర్చుని కేకలేసేవాళ్లెవరో మా ఊళ్లో ఇప్పటికీ గుర్తుంది. కూలి లేని చాకిరీ అది. అది పోవడం మంచిదే. దాని చోటులో కూలి ఇచ్చి చేయించే పని రావాలి కదా? అది రాలేదు.

ఈ మే నెలలో వారం సెలవు పెట్టి ఊరెళ్లాను. నాన్నా, నేనూ ఒక అర్జీ పట్టుకుని బయల్దేరాం. మొదటి ఆఫీసులో కాలువలే మావి, గెడ్డలు కాదన్నారు. రెండో ఆఫీసులో ఎస్టిమేటు పైకి పంపామన్నారు. ఏ సంవత్సరం పంపారని అడిగితే ఆ సారుకి కోపం వచ్చింది. మూడో ఆయన మంచివాడు, కుర్చీ వేశాడు. "ఇంకో నెలలో వానలు బాబూ, ఇప్పుడు మొదలెడితే మధ్యలో ఆగిపోతుంది, వచ్చే ఏడు చూద్దాం" అన్నాడు. డిసెంబరులో నాన్న వెళ్లినప్పుడు ఇదే ఆయన ఏమన్నాడో తెలుసా? పొలాల్లో పంట ఉంది, మిషన్ దిగదని. పంట ఉంటే దిగదు, వాన వస్తుందంటే దిగదు. మధ్యలో ఫిబ్రవరి నుంచి మే దాకా నాలుగు నెలలుంటాయి. ఆ నాలుగు నెలలూ గెడ్డ ఎండి ఉంటుంది కాబట్టి ఎవరికీ గుర్తుండదు.

1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సాగునీటి వ్యవస్థల నిర్వహణ రైతుల చేతికి ఇస్తామని చట్టం చేశారు. నీటి సంఘాలు అలా వచ్చినవే. చాలా ఏళ్ల తర్వాత 2024 డిసెంబరులో మళ్లీ ఎన్నికలు జరిగాయి. మా దగ్గర ఆ రోజు మాటలన్నీ కాలువ నీళ్ల గురించే. తప్పు పట్టను. వంశధార ఎడమ కాలువ గొట్టా బ్యారేజీ దగ్గర మొదలై ఎంతో దూరం నడిచి మా శివారుకి వస్తుంది. ఆగస్టులో నాట్లకి నీళ్లు కావాలంటే రావు. అదే చేను అక్టోబరులో మునుగుతుంది. రెండు బాధల్లో ముందొచ్చేదే జనానికి గుర్తుంటుంది.

మునిగాక మాత్రం అందరూ వస్తారు. గట్టు మీద నిలబడి ఫొటో, ఆ తర్వాత ఎన్యుమరేషన్. పంట 33 శాతానికి పైగా పోతేనే లెక్కలోకి వస్తుంది. ముప్ఫై పోతే రైతు అదృష్టవంతుడన్నట్టు. కౌలు రైతుకి ఇంకో మెట్టు. కాగితం మీద పేరుండాలి, ఆ కాగితానికి భూమి యజమాని ఒప్పుకోవాలి. మా రెండెకరాల యజమాని ఒప్పుకోలేదు. ఆయన మంచీచెడ్డా నేనిక్కడ రాయను, రేపు మళ్లీ ఆయన పొలమే చేయాలి.

ముంపు తట్టుకునే విత్తనం వేయొచ్చుగా అని ఒక ఫ్రెండ్ అడిగాడు. ఉంది, స్వర్ణ సబ్-1. లేత పైరు మీద రెండు వారాల దాకా మునిగినా బతుకుతుంది. పొట్ట మీదున్న చేను మునిగితే అదీ ఏం చేయలేదు.

2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు రాష్ట్రమంతా ఒక వాగు పేరు నేర్చుకుంది. గండ్లు పూడ్చడానికి సైన్యం కూడా వచ్చింది. సింగ్‌నగర్ జనం పడ్డ బాధ చిన్నది కాదు. కానీ ఆ వీడియోలు చూస్తూ నాన్న అన్నది ఇది: "పట్నంలోకి ఎలితే గాని గెడ్డని గెడ్డ అనరేటిరా?"

మా వైపు జనం ఈ మాట ముందే చెప్పారు. 2010 జులైలో సోంపేట బీల దగ్గర, 2011 ఫిబ్రవరిలో కాకరాపల్లి తంపర దగ్గర థర్మల్ ప్లాంట్లు వద్దని లేచినప్పుడు వాళ్ల వాదనలో పెద్ద భాగం నీటి గురించే. ఈ పల్లం పూడ్చితే వరద నీళ్లు ఎక్కడికి పోతాయని అడిగారు. రెండు చోట్లా పోలీసు కాల్పులు, రెండు చోట్లా ప్రాణాలు పోయాయి. కొత్తగా మ్యాప్ చూసి నేనేదో కనిపెట్టానని ఇది రాయడం లేదు. నా చిన్నప్పుడే తెలిసినవాళ్లున్నారు.

జూన్ మొదట్లో మా ఊరివాళ్లు ఇక ఆగలేదు. ఎకరానికి ఇంతని చందా వేసుకుని జేసీబీ పిలిచారు. నేనూ ఫోన్‌పే చేశాను. రెండు రోజులు తవ్వించి, డెక్క తీయించి, మా ఊరి హద్దు దాకా శుభ్రం చేశారు. నాన్న వీడియో పెట్టాడు. నీళ్లు పారుతున్న గెడ్డని నేను చూడడం అదే మొదటిసారి. గర్వంగా స్టేటస్ పెట్టుకున్నాను.

జులైలో ఒక పెద్ద వాన పడింది. మా పొలంలో నీళ్లు ఒక్క రోజులో దిగిపోయాయి. దిగి ఎక్కడికెళ్లాయి? కింది ఊరికి. వాళ్ల హద్దులో పూడిక అలాగే ఉంది కదా. వాళ్ల నారుమళ్లు మునిగాయి. ఆ సాయంత్రం పదిహేను మంది మా రచ్చబండ దగ్గరికి వచ్చారు, ఇద్దరి చేతుల్లో కర్రలున్నాయి. వాళ్లలో ఒకాయన నాన్నకి వరసకి బావ. "మీ మురికి మా మీదకి తోలీసి సుకంగా తొంగున్నార్రా" అన్నాడట. ఎవరూ ఎదురు చెప్పలేకపోయారు, ఎందుకంటే ఆయన చెప్పింది నిజం.

నా స్టేటస్ తీసేశాను.

గొడవ పెద్దది కాలేదు. రెండు ఊళ్ల నుంచీ పది మంది కలిసి గెడ్డ వెంబడి నడిచారు, మొగ దాకా. దారిలో ఇంకో మూడు ఊళ్లున్నాయి, నాలుగు మదుములు, ఆ రొయ్యల చెరువులు. మొగ దగ్గర ఇసుక మేట మనిషెత్తు. అది జేసీబీతో చందాలేసుకుని తీసే పని కాదని అక్కడికెళ్లాక అందరికీ అర్థమైంది. ఈసారి అర్జీ మీద ఐదు ఊళ్ల సంతకాలున్నాయి. దాన్ని టైప్ చేసింది నేనే. పని ఫిబ్రవరిలో మొదలెట్టాలని తేదీతో సహా రాశాను.

నిన్న రాత్రి నాన్న మళ్లీ ఫోన్ చేశాడు. బంగాళాఖాతంలో ఏదో ఉందట, చూసి చెప్పమన్నాడు. చేను మళ్లీ పొట్ట మీదకి వస్తోంది.