గోడ యెక్కు విద్య



మా పెరటిగోడ నా రొమ్మెత్తు గలది. దానిపై నెక్కుట, నడచుట, ఆవలికి దుముకుట మా పెద్దమ్మాయికి నిత్యకృత్యము. దానికి పదునొకండేండ్లు. చూచినపుడెల్ల నేను, "దిగవే! కాలు విరిగితే ఏమవుతావు?" అని కేకలు వేయుచుంటిని. బడిపిల్లలతో వేగిన మావారు మాత్రము నవ్వి యూరకుండెడివారు. ఆ కేకలను గూర్చియే యీ మాసము వ్రాయదలచితిని. ఏలయన, తప్పు నాదని తెలిసినది.

2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడలోని పల్లపుపేటలను ముంచినది మీకు జ్ఞాపకముండును. మా వాకిటను నీరు మోకాలు దాటినపుడు పొరుగువారి మేడకు జేరవలసి వచ్చెను. వీథివైపున ప్రవాహము వడిగా నుండుటచే పెరటిగోడ నెక్కి దాటుటయే శరణ్యమయ్యెను. అమ్మాయి క్షణములో నెక్కెను. ముప్పదియారేండ్ల నేను, ఇంటెడు చాకిరి యలవోకగా జేయుదానను, గోడ పట్టుకొని నిలిచిపోతిని. చేతులలో బలము లేదు. కాలెత్తిన దేహము తూలెను. అన్నిటికంటె మిన్నగా భయము. "అమ్మా! ముందు మోచేతులు ఆనించు. ఇప్పుడు మోకాలు పెట్టు. కిందికి చూడకు" అని అదియే నాకు గురువై పైకి లాగెను. నేను తిట్టిన విద్యయే నన్ను గట్టెక్కించెను.

నేను పుట్టుకతో నిట్టిదానను గాను. మా పుట్టిల్లు దివిసీమ. పంటకాలువపై నడ్డముగా వేసిన తాటిదుంగమీద పదేండ్ల ప్రాయమున పరుగెత్తినదానను. "పెద్దపిల్లవైతివి, ఇక చాలు" అన్ననాడు మానితిని. వాడని కత్తికి త్రుప్పు పట్టినట్లు నా నేర్పు నశించెను.

ఈ విద్యకు నేడు లోకమున పార్కూరు అని పేరు. గోడలు, కమ్ములు, మెట్లు మొదలగు నడ్డంకులను పరుగుతో, దుముకుతో, ప్రాకుటతో దాటుట దాని స్వరూపము. ఫ్రాన్సుదేశమున, పారిసునగరపు చేరువనున్న లిస్ అను నూరిలో, డేవిడ్ బెల్ మొదలగు యువకులు 1980ల నాటినుండి దీనిని పెంపొందించిరి. అంతకుముందే ఆ దేశపు నౌకాదళాధికారి జార్జి ఎబేరు నడక, పరుగు, దుముకుట, ఎక్కుట, ఈత మున్నగువానితో వ్యాయామపద్ధతి నేర్పరచెను. పరులకు నుపయోగపడుటకే బలము సంపాదింపవలెనని యాతని మతము. వరదనాడు మా యమ్మాయి చేసినది సరిగా నిదియే.

ప్రమాదము లేదా యందురు. కలదు. కాని సాహసము వేరు, దుస్సాహసము వేరు. కూచిపూడి తరంగమున నర్తకి యిత్తడిపళ్లెరపు టంచుపై నిలిచి యాడుట చూచియున్నారు గదా! ఆమె తొలినాడే పళ్లెర మెక్కదు. నేలపై నడుగు కుదిరిన పిమ్మటనే యెక్కును. మన విజయవాడ యాడుబిడ్డ జ్యోతి సురేఖ పసితనముననే కృష్ణలో నీది పేరుగాంచినది. పిదప విల్లు చేపట్టి, 2023లో హాంగ్‌జౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో మూడు బంగారు పతకములు గెలిచినది. నరకునితో పోరిన సత్యభామను భాగవతమున జదివి మురిసెడి మనము, మన బిడ్డ పిట్టగోడ నెక్కిన నులికిపడనేల?

దీనిలో నారోగ్యరహస్యము గూడ గలదు. ఎముకల గట్టిదనము బాల్యయౌవనములలో సమకూరి, సుమారు ముప్పదియేండ్లకు నిండును. గంతులు, పరుగులు దానిని పెంచును. ముట్లుడిగిన పిదప స్త్రీలకది త్వరగా తరుగును. ముసలితనమున తుంటియెముక విరిగి మంచము పట్టినవా రెందరిని మనము చూడలేదు? నేటి గంతు రేపటి చేతికఱ్ఱ.

అందుచే పిల్లలను మానిపింపక, ప్రక్కన నిలిచి మెట్టుమెట్టుగా నేర్పింపుడు. మొదట ఒక మెట్టునుండి దుముకనిండు. పాదముల ముందుభాగముపై వ్రాలి, మోకాళ్లు వంచి, చప్పుడు గాకుండ దిగవలెను. చప్పుడు లేనినాడే రెండవ మెట్టు. గోడ నెక్కుటకు ముందు దాని రాళ్లు కదలకున్నవో లేదో చూచుట నేర్పుడు. కాలువకుగాని కృష్ణకుగాని ఒంటరిగా పంపకుడు; ఈత నేర్చినవారు వెంట నుండవలెను.

మనకును పాఠము గలదు. వేకువను ముగ్గు వేసిన పిమ్మట నా గీతవెంబడి పాదము వెనుక పాదముంచి నడువుడు. గోడచెంత ఒంటికాలిపై పదియంకెలు లెక్కించునంతసేపు నిలువుడు. పీటపై గూర్చుండి చేతు లూనక లేవ యత్నింపుడు. గర్భిణులు, తల తిరుగువారు, కీళ్లనొప్పులు గలవారు వైద్యుని సలహా లేనిదే పూనవలదు.

నే నీ యభ్యాసము నారంభించి కొంతకాలమైనది. నిన్న ఉదయము మా గోడను, ఎవరి చేయియు బట్టక, ఎక్కితిని. దిగుటకు మాత్రము అమ్మాయిని బిలిచితిని. అది నవ్వుచు, "చప్పుడు చేయకుండా దిగాలి సుమా!" అన్నది. చప్పుడైనది, రేపు మరల బ్రయత్నింతును.