ఆపమని చెప్పుట పాపమా?



గత నెల ఆళ్లగడ్డ ప్రాంతమునుండి ఒక సహోదరుడు నంద్యాలకు వచ్చి మమ్మును కలిసికొనెను. 2021 మే నెలలో, కరోనా రెండవసారి విజృంభించినప్పుడు, ఆయన తండ్రి హైదరాబాదులోని ఒక ఆసుపత్రిలో ఎక్మో అను యంత్రముమీద ఉండెను. కె.సి. కాలువ క్రింద ఉన్న రెండెకరముల మాగాణి అమ్మి డబ్బు కట్టిరి. పదునారవ రోజున డాక్టర్లు, ఊపిరితిత్తులు ఇక కోలుకొనవు, యంత్రము ఆపుదుమని చెప్పిరి. అప్పుడు ఈ సహోదరుడు మాకు ఫోను చేసెను. "అయ్యగారూ, మేము సంతకం పెడితే మా నాయనను మేమే చంపినట్టు కాదా?"

మేము జవాబు చెప్పలేదు. ప్రార్థన చేసి ఫోను పెట్టివేసితిమి. ఆ యంత్రమేమిటో అప్పటికి మాకే తెలియదు. సంతకము ఆయనే పెట్టెను. ఇన్ని సంవత్సరములైనను ఆయనకు అదే ప్రశ్న.

తరువాత మేము తెలిసికొన్నది వ్రాయుచున్నాము.

వెంటిలేటరు ఊపిరితిత్తులలోనికి గాలిని నెట్టును. వైరసువలన అవి వాచి, నీరు పట్టి గట్టిపడినప్పుడు ఎంత నెట్టినను ప్రాణవాయువు రక్తములోనికి చాలినంత చేరదు. రోగిని బోర్ల పండుకొనబెట్టి చూచెదరు. దానికిని లొంగనియెడల కొందరికి ఎక్మో పెట్టుదురు. మెడలోగాని గజ్జలోగాని ఉన్న పెద్ద నరములోనికి లావుపాటి గొట్టము వేసి రక్తమును బయటికి తీయుదురు. పంపు ఆ రక్తమును వెంట్రుకలవంటి సన్నని బోలు గొట్టములున్న పెట్టెగుండ నడుపును. అక్కడ చెడుగాలి పోయి ప్రాణవాయువు చేరును. ఆ రక్తమును వెచ్చచేసి తిరిగి ఒంటిలోనికి పంపుదురు. రక్తము గడ్డకట్టకుండ మందు ఇచ్చుచుండవలెను గనుక మెదడులో రక్తస్రావమగు భయము ఎప్పుడును ఉండును.

ఈ యంత్రము వైరసును చంపదు, ఊపిరితిత్తులను బాగుచేయదు. అవి కోలుకొనుటకు గడువు మాత్రము ఇచ్చును. 1975లో అమెరికాలోని కాలిఫోర్నియాలో డాక్టర్ రాబర్ట్ బార్ట్‌లెట్ ఊపిరాడని ఒక పసిబిడ్డకు దీనిని పెట్టగా ఆ బిడ్డ బ్రదికెను. ఆమెకు నర్సులు పెట్టిన పేరు ఎస్పరాంజా, అనగా ఆశ. అయితే 2020లో 36 దేశములలో ఎక్మోమీద ఉంచిన 1,035 మంది కరోనా రోగుల లెక్క చూడగా, 90 దినములలోపు నూటికి సుమారు 37 మంది ఆసుపత్రిలోనే చనిపోయిరి. తరువాతి నెలలలో ఆ సంఖ్య ఇంకను పెరిగెను.

నెల్లూరు జిల్లాలో పుట్టిన గాయకులు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంగారిని మీరెరుగుదురు. 2020 ఆగస్టు 5న చెన్నైలోని ఎం.జి.ఎం. హెల్త్‌కేర్‌లో చేరిరి. వెంటిలేటరు, ఎక్మో రెండును పెట్టిరి. సెప్టెంబరులో వైరసు లేదని పరీక్షలో తేలినను ఊపిరితిత్తులు కోలుకొనలేదు. సెప్టెంబరు 25న మరణించిరి. ఆయనకు డబ్బు తక్కువా, డాక్టర్లు తక్కువా? మన సహోదరునితో బంధువులు, ఇంకొక ఎకరము అమ్మియుంటే మీ నాయన బ్రదికెడివాడని ఇప్పటికిని అనుచున్నారట. ఆ మాట అబద్ధము, క్రూరము కూడ.

యంత్రము పెట్టకముందే అడుగవలసినవి ఉన్నవి. వెంటిలేటరుమీద ఎన్ని దినములాయెను? వారము దాటినకొలది మేలు తగ్గును. కిడ్నీలు, గుండె ఎట్లున్నవి? ఎన్నాళ్లు చూచి, ఏ గుర్తునుబట్టి ఆపుదురు? మొత్తము ఖర్చు ఎంతవరకు పోవచ్చును? డాక్టరుగారి ఎదుట ఇవి అడుగుటకు మన పల్లెవారు జంకుదురు. విశ్వాసము లేనివారని సంఘమువారు అనుకొందురేమోనని కూడ జంకుదురు. అది మా తప్పే.

కోలుకొను దారి మూసికొనిపోయిన తరువాత యంత్రము తీసివేయుట చంపుట కాదు. ఆ మనిషిని తీసికొనిపోయినది రోగము. సుప్రీంకోర్టు కూడ 2018 మార్చి 9న ఇట్టి స్థితిలో చికిత్స ఆపుటకు అనుమతించెను. 2023లో ఆ పద్ధతిని సులభము చేసెను. ఇప్పుడు ఒకరి తరువాత ఒకటిగా రెండు వైద్యబృందములు చూచి ఒప్పుకొనవలెను. కుటుంబమువారి సమ్మతియు అడుగుదురు. భారమంతయు ఒక్క కుమారుని సంతకముమీద పెట్టలేదు.

ఇదంతయు ఆ సహోదరునికి చెప్పితిమి. ఆయన చాలసేపు మాటలాడలేదు. ఆళ్లగడ్డ బస్సుకు వేళాయెనని లేచి, గుమ్మము దగ్గర నిలువబడి, "ఆ రోజే ఫోనులో చెప్పింటే బాగుండేది అయ్యగారూ" అనెను.