హోటలు పనివారి వార్ధక్యము

డోను రైలుకూడలి. గుంతకల్లునుండి వచ్చు ఇనుపదారి ఇచట చీలి ఒకటి కర్నూలు వైపునకును, మరియొకటి నంద్యాల వైపునకును పోవుచున్నది. హైదరాబాదు బెంగుళూరుల నడుమ 44వ జాతీయ రహదారియు ఈ యూరిమీదుగనే యున్నది. బండి మారువారును, లారీలవారును తెల్లవారుజామున ఉగ్గాని బజ్జీలకై హోటళ్లలో కూర్చుందురు. పళ్లెమును తెచ్చి ముందుంచిన చేతిని చూచినవా రెందరు? ఆ చేయి ముడుతలు పడినది.

35 ఏండ్ల క్రిందట అది పసివాని చేయి. వానలు తప్పినయేట పిల్లవానిని హోటలులో చేర్చుట సీమకు కొత్తగాదు. కూలి మాట యెట్లున్నను కడుపునిండ అన్నము దొరకునని తల్లిదండ్రుల యాశ. 1986 నాటి బాలకార్మిక శాసనము మొదట హోటళ్ల జోలికి పోలేదు. 2006 అక్టోబరు 10 నుండి గదా 14 ఏండ్లలోపు వారిని హోటళ్లలోను, టీ దుకాణములలోను పనికి పెట్టుకొనరాదనిరి! మంచిపనియే. కాని అంతకుముందే చేరిన బాలుడో? బల్ల తుడిచినవాడు సప్లయరయ్యెను, సప్లయరు పెనమునొద్దకు పోయెను. నేడు 50 ఏండ్లవాడై అచటనే నిలిచియున్నాడు. అతని వెనుక కుర్రవాండ్రు రారు. చదివినవాడు బెంగుళూరు చేరును, చదువనివాడు నాపరాళ్ల పాలిషు ఫ్యాక్టరీకి పోవును. పనివాండ్రు దొరకుట లేదని యజమానులు వాపోవుచున్నారు. దొరికినవాని నెట్లు చూచుచున్నారని మేము అడుగుచున్నాము.

చీకటితో పొయ్యి వెలిగించినది మొదలు రాత్రి బల్లలు కడుగువరకు నిలువుకాళ్లపై పని. పిక్కలలో నరము లుబ్బును, నూనెపొగకు కన్నులు మండును, గిన్నెలు తోము ముసలమ్మల వ్రేళ్లసందులు నీట నాని పాయును. ఇవి వయస్సుతో వచ్చిన జబ్బులని యజమాని యనును. పనితో వచ్చినవని మేమందుము.

శాసనములు లేకపోలేదు. ప్రావిడెంటు ఫండు 20 మంది పనివారున్న చోటను, గ్రాట్యుటీ 10 మంది యున్న చోటను వర్తించును; మన చిన్న హోటలులో ఆరుగురే. అసంఘటిత కార్మికులకై 2019లో కేంద్రప్రభుత్వము శ్రమయోగి మాన్‌ధన్ పథకము నెలకొల్పి, 60 ఏండ్లు నిండినపిదప నెలకు 3000 రూపాయ లిచ్చెదమనెను. అందు చేరుటకు వయస్సు 18 మొదలు 40 వరకే! బాల్యమునుండి ఎంగిలిపళ్లెములు మోసినవాడు పథకము పుట్టిననాటికే 40 దాటియుండెను. రాష్ట్రప్రభుత్వపు వృద్ధాప్య పింఛను 2024లో 4000 రూపాయలైనది. అదియు 60 నిండనిదే రాదు. ఈలోపల కాళ్లు పడిపోయినవాని గతి యేమి?

ఆలస్యముగ చేరువాని చందా పింఛనుకు చాలదందురు. 40వ యేట చేరినవాడు నెలకు 200 కట్టిన, సర్కారు అంతయే కట్టుచున్నది. 50వ యేట చేరువానియెడల తన వంతు మరికొంత పెంచిన సర్కారు బొక్కస మేమియు తరుగదు. 12వ యేటనుండి అతడు చాకిరి చేయుచుండగా చందా కట్టుమని అడిగినవా రెవరు?

కూర్చుండుటకు ఆసన మీయవలెనని దుకాణముల పనివారికై కేరళము 2018లోను, తమిళనాడు 2021లోను శాసనము చేసెను. మన యజమానులు శాసనమునకై వేచియుండ నేల? పెనమునొద్ద ఎత్తుపీట వేయుటకు ఒకపూట బజ్జీల లాభము చాలును. జీతముతో వారమున కొకనాడు సెలవు నిండు. డోను పురపాలక సంఘమువారు హోటళ్ల లైసెన్సులు తిరుగ వ్రాయునపుడు పనివారెందరు, వయస్సెంత, ఎన్నేండ్లనుండి యున్నారు అను మూడు గడులు కాగితమున చేర్చి, ఆ లెక్కను పఠనమందిరమున అంటింతురుగాక.