2015 తరువాతి కథ

కొత్తపట్నం బడిపిల్లలకు సత్నాం సింగ్ కథ చెప్పేటప్పుడు 2015 వద్ద ఆపడం న్యాయం కాదు. పంజాబులోని బల్లోకె గ్రామపు రైతుబిడ్డ, ఏడడుగులు మించిన పొడగరి, బాస్కెట్‌బాల్ నేర్వడానికి 2010లో ఫ్లోరిడా చేరాడు. అయిదేండ్లకు డల్లాస్ మావెరిక్స్ జట్టు అతనిని 52వ వానిగా ఎన్నుకొన్నది. భారతదేశాన పుట్టి అమెరికా ఎన్.బి.ఎ. పోటీలకు ఎంపికైన మొదటివాడతడే. ఎంత ఘనత!

అటు పిమ్మట? ఎన్.బి.ఎ.లో ఒక్క ఆటయినా దక్కలేదు. దిగువ శ్రేణి జట్టయిన టెక్సాస్ లెజెండ్స్‌లో ఆడినవి కొద్ది ఆటలే. కెనడాలోనూ ఆడాడు. నిషిద్ధ పదార్థ పరీక్షలో చిక్కి 2020లో రెండేండ్ల నిషేధానికి గురియైనాడు. 2021లో వృత్తి మల్లయుద్ధంలో చేరాడు. దీనిని పతనమని నేననను. అయితే, ఇంగ్లీషు సరిగా రాని పద్నాలుగేండ్ల పసివాడు ఖండాంతరంలో ఎట్లు నెగ్గుకొని వచ్చెనో ఆలోచించామా? మన బడిలోని పొడగరికి బంతి ఇద్దాం, సరే. సాయంత్రం ఇంగ్లీషు చెప్పే గంటకు మన కాలపట్టికలో చోటేదీ?