రిమోట్‌తో ఆగిన ఫ్యాను నిజంగా ఆగినట్టేనా?

ఈ మధ్య ఎవరింటికెళ్ళినా సోఫా మీద రెండు రిమోట్లు కనిపిస్తున్నాయి. ఒకటి టీవీది, రెండోది ఫ్యానుది. మంచిదే. మోకాళ్ళ నొప్పులున్న అత్తగారు అర్ధరాత్రి లేచి రెగ్యులేటర్ దాకా నడవక్కర్లేదు. పాత ఫ్యాను 75 వాట్ల దాకా లాగితే, ఈ బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లకు అటూ ఇటూగా సరిపెట్టుకుంటుంది.

నా పేచీ ఫ్యానుతో కాదు, దాన్ని బిగించేటప్పుడు మనం వంటింట్లో టీ పెడుతూ ఉండిపోవడంతో. కరెంటు పని మగవాళ్ళ వ్యవహారం అనుకుంటాం. కానీ ఎలక్ట్రీషియన్ పగలు పదకొండింటికి వస్తే ఇంట్లో ఉండేది మనమే. పండక్కి బూజు దులిపేదీ, స్టూలెక్కి ఫ్యాను రెక్కలు తుడిచేదీ మనమే. అలాంటప్పుడు అడగాల్సింది మనం కాక ఇంకెవరు?

ముందుగా రెగ్యులేటర్ సంగతి. ఈ ఫ్యాన్ల లోపల ఎలక్ట్రానిక్ బోర్డు ఉంటుంది. వేగం మార్చే పని అదే చూసుకుంటుంది. మధ్యలో పాత రెగ్యులేటర్ ఉంటే బోర్డు పాడవుతుంది. "5 మీద పెట్టి వదిలేయండమ్మా" అంటారు కొందరు. ఇంట్లో పిల్లలుంటే అది 5 మీద ఎన్నాళ్ళుంటుందో మనకు తెలియనిదా! దాన్ని తీయించేయడమే మేలు.

అలాగని గోడ మీద స్విచ్ కూడా తీసేయనివ్వకండి. అది ఉండాలి, అదీ ఫేజు వైరు మీదే ఉండాలి. స్విచ్ న్యూట్రల్‌కి పెడితే ఫ్యాను ఆగుతుంది కానీ పైన వైర్లలో కరెంటు అలాగే ఉంటుంది. స్విచ్ ఆపాక పైన టెస్టర్ పెట్టి, లైటు వెలగడం లేదని చూపించమనండి.

తర్వాత ఎర్త్, అంటే ఆకుపచ్చ వైరు. చాలా పాత ఇళ్ళలో సీలింగ్ దాకా వచ్చేవి రెండు వైర్లే. అందుకని ఆకుపచ్చ వైరుకి టేపు చుట్టి వదిలేస్తారు. లోపల ఎక్కడైనా వైరు ఒరిసి ఫ్యాను ఒంటికి కరెంటు పాకితే కాపాడేది ఆ వైరే. లేకపోతే లాగించుకోవాలి. దాన్ని న్యూట్రల్‌తో కలిపేస్తానంటే మాత్రం అస్సలు ఒప్పుకోకండి.

దిగేముందు రాడ్డు బోల్టుకి పిన్ను పెట్టారా, ఫ్యానుతో సేఫ్టీ వైరు వస్తే దాన్ని బిగించారా అని కూడా ఒక మాట అడగండి.

ఇక రిమోట్. దానితో ఆపినప్పుడు ఫ్యాను నిద్రపోతుంది, అంతే. మళ్ళీ ఎప్పుడు పిలుస్తారా అని లోపల బోర్డు కాచుకునే ఉంటుంది. మీరు స్టూలు మీద నిలబడి రెక్క తుడుస్తుంటే కింద చంటివాడు రిమోట్ నొక్కాడనుకోండి! తుడవడానికి ఎక్కేముందు ఆ గది ఎంసీబీ దించండి. బిగించేటప్పుడూ అంతే, గోడ స్విచ్ ఒక్కటే ఆపితే చాలదు. ఏ ఎంసీబీ ఏ గదిదో తెలియకపోతే, ఒక్కొక్కటే దించి చూసి, చిన్న స్టిక్కరు మీద గది పేరు రాసి అంటించండి. పావుగంట పని. పప్పుడబ్బాలకీ కారండబ్బాలకీ పేర్లు రాసుకునే మనకి ఇదేమంత కొత్త?

"మీకెందుకమ్మా ఇవన్నీ?" అంటాడు ఎలక్ట్రీషియన్. అననివ్వండి. పని తెలిసినవాడైతే అడిగినవి చూపించడానికి రెండు నిమిషాలు పట్టదు. చూపించనన్నాడంటే, డబ్బులిచ్చేముందు ఇంకొకరిని పిలిచి చూపించుకోవడమే మంచిది.